సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటం: 40 మందికి ఇంట్లోనే వండి పెట్టడం ఎలా

డిసెంబర్ ఆఖరు వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఇదే, "అక్కా, ఈసారి కొలువు పెట్టి అందర్నీ పిలుద్దామనుకుంటున్నా, బయట ఆర్డర్ ఇవ్వకుండా ఇంట్లోనే చేయగలనా, ఎంత వండాలి, ఎప్పుడు మొదలెట్టాలి" అని. విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నా. చేయగలరండి. ఇద్దరు చేతులు కలిపితే 40 మందికి ఇంటి స్టవ్ మీదే అయిపోతుంది.

కాకపోతే పేరంటం వంట వేరు, భోజనాల వంట వేరు. భోజనాలకి అందరూ ఒకేసారి కూర్చుంటారు, వేడివేడిగా వడ్డించేస్తే అయిపోతుంది. పేరంటానికి నాలుగింటికి ఒకరొస్తారు, ఆఫీస్ అయ్యాక ఏడున్నరకి ఇంకొకరొస్తారు. నాలుగింటికి తిన్న పులిహోర ఏడున్నరకి వచ్చినావిడకి కూడా అంతే రుచిగా ఉండాలి, ఆ మధ్యంతా మీరు వంటింట్లో కాదు, హాల్లో ఉండాలి. మొదటి బెల్ మోగేసరికి స్టవ్ మీద కాఫీ పాలు తప్ప ఇంకేం ఉండకూడదు. కింద చెప్పేదంతా దీనికోసమే.

ఏమేం కావాలి (40 మందికి, నాలుగైదు రకాలు కొంచెం కొంచెం పెట్టుకునే లెక్కన)

పులిహోరకి: పాత సోనా మసూరి బియ్యం కిలోన్నర, చింతపండు 200 గ్రాములు, నూనె పావు లీటరు, పల్లీలు 200 గ్రాములు, పోపు సామాను, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, కరివేపాకు ధారాళంగా, ఇంగువ.
గుగ్గిళ్ళకి: నల్ల సెనగలు కిలో. తాంబూలంలో ఇవ్వడానికి విడిగా ఇంకో కిలో.
చక్రపొంగలికి: బియ్యం అరకిలో, పెసరపప్పు 200 గ్రాములు, బెల్లం 900 గ్రాముల నుంచి కిలో, నెయ్యి 200 గ్రాములు, జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులు.
ఆవడలకి: మినప్పప్పు కిలో (సైజుని బట్టి 60 పైనే వస్తాయి), కమ్మటి పెరుగు 3 లీటర్లు, ఇంకో అరలీటరు రిజర్వులో.
పొడి పిండివంటలు: అరిసెలు 50, జంతికలు కిలోన్నర. తెలంగాణ వాళ్ళైతే జంతికల బదులు సకినాలు, అవే అసలు పండగ.
తాంబూలానికి: తమలపాకులు 100, వక్కలు, అరటిపళ్ళు 50, పసుపు కుంకుమ, రవికె గుడ్డలు లేదా మీ స్తోమతని బట్టి ఇంకేదైనా.
గిన్నెలు: పెద్ద కుక్కర్, అన్నం ఆరబోయడానికి వెడల్పాటి బేసిన్లు రెండు, హాట్‌ప్యాక్‌లు రెండు, కాఫీకి ఫ్లాస్కులు రెండు, వక్క పట్ట ప్లేట్లు 50, ఆవడలకి దొన్నెలు. స్పేర్ సిలిండర్ నిండా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

సాయం ఎవరూ లేకపోతే ఆవడలు తీసేసి దద్దోజనం పెట్టండి, 750 గ్రాముల బియ్యం చాలు. రెండూ వద్దు, రెండూ పెరుగువే, ఫ్రిజ్‌లో చోటు కూడా చాలదు.

1. పిలుపులు (పది రోజుల ముందు)

భోగి ఏడాదిని బట్టి జనవరి 13నో 14నో వస్తుంది, కొలువు భోగి నుంచి కనుమ దాకా ఉంచుతారు చాలా ఇళ్ళల్లో. ఈ మూడు రోజుల్లో పేరంటం ఏ రోజో ముందు ఖాయం చేసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే సగం మంది ఊళ్ళకి వెళ్ళిపోతారు కాబట్టి ఎవరు ఉంటున్నారో అడిగాకే లెక్క వేయండి. నేనైతే పిలిచినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి వండుతాను, పిల్లల్ని సగం మనిషి కింద లెక్కేస్తాను.

మెసేజ్‌లో "సాయంత్రం రండి" అని వదిలేయకండి, అందరూ ఆరున్నరకే వచ్చేస్తారు. ఇలా రాయండి: "భోగి రోజు సాయంత్రం 4 నుంచి 8 లోపు మీకు వీలైనప్పుడు రండి. భోగిపళ్ళు మాత్రం 5:30కి. ఎంతమంది వస్తున్నారో చెప్తే సంతోషం." పక్కపక్క ఫ్లాట్ల వాళ్ళని నాలుగింటికే రమ్మని నోటితో చెప్పండి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఆరు తర్వాత ఖాళీగా ఉంటుంది.

పెద్దవాళ్ళకి వాట్సాప్ ఒక్కటే పంపి ఊరుకోవద్దు. పిన్నిగార్లు, అత్తయ్యగార్లు దగ్గర్లో ఉంటే వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి, దూరమైతే కనీసం ఫోన్ చేయండి. ఇంకోమాట, భర్త లేరని ఏ పెద్దావిడనీ లిస్టులోంచి తీసేయకండి, వచ్చాక తాంబూలం దగ్గర పక్కన కూర్చోబెట్టకండి. మన ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒకటే తాంబూలం, ఒకటే మర్యాద. ఈ విషయంలో ఇంట్లో ఎవరైనా నసిగితే పేరంటం రోజు కాదు, ముందే కూర్చుని మాట్లాడుకోండి.

2. వారం ముందు: పిండివంటలు

అరిసెలు, జంతికలు, సకినాలు ఈ వారంలోనే అయిపోవాలి, పేరంటం ముందు రోజుకి పెట్టుకోవద్దు. అరిసెల్లో ఉన్నదంతా పాకంలోనే ఉంది. నీళ్ళ గిన్నెలో చుక్క పాకం వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. కరిగిపోతే లేతపాకం, అరిసె నూనెలో విడిపోతుంది. గిన్నెకేసి కొడితే టక్కుమంటే ముదిరిపోయింది, అరిసెలు గట్టిగా వస్తాయి. పిండి తడిగా ఉన్నప్పుడే పాకంలో కలిపేయాలి. మొదటిసారి అయితే, పక్కన తెలిసినవాళ్ళు లేకపోతే, అరిసెలు మాత్రం చేయించుకోండి, తప్పేం లేదు. చేతివాటం ఉన్న పెద్దావిడలు చాలామంది ఈ సీజన్‌లో ఇళ్ళల్లోనే చేసి ఇస్తారు.

జంతికలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి మెత్తబడతాయి. మూడో రోజు ఒకటి విరిచి చూడండి, కరకరమనాలి.

3. రెండు రోజుల ముందు: కొలువు, పులుసు

కొలువు మెట్లు బేసి సంఖ్యలో పెడతారు, 3, 5, 7 అలా. అపార్ట్‌మెంట్ హాల్లో 3 చాలు, జనం తిరగడానికి చోటు ఉండాలి. పిల్లలు పావడాలు, పట్టులంగాలు కట్టుకుని బొమ్మల దగ్గరికి దూసుకొస్తారు, అందుకని నూనె దీపం కింద మెట్టు దగ్గర పెట్టొద్దు, పక్కన ఎత్తు పీట మీద పెట్టండి.

పులిహోర పులుసు ఈ రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు, పాడవదు. చింతపండు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, కొంచెం బెల్లం వేసి నూనెలో ఉడికించండి. అంచుల్లో నూనె తేలి, గరిటెతో గీత గీస్తే ఒక క్షణం అలాగే ఉండాలి, అప్పుడు దించండి. నీళ్ళగా దించితే రెండు నష్టాలు, నిలవ ఉండదు, అన్నంలో కలిపినప్పుడు ముద్ద అవుతుంది.

4. ముందు రోజు రాత్రి

సెనగలు కనీసం 10 గంటలు నానాలి. తాంబూలం సెనగలు కూడా ఇప్పుడే వేరే గిన్నెలో నానబెట్టండి, పొద్దున నీళ్ళు వంపేసి బట్టలో ఆరబెట్టి మధ్యాహ్నం కవర్లలో కట్టాలి, తడితో కడితే రాత్రికి జిగురు వచ్చేస్తాయి. మినప్పప్పు మాత్రం రాత్రి వద్దు, నాలుగు గంటల నానుడు చాలు, తెల్లారుజామున లేచి వేయండి. బెల్లం తరిగి పెట్టుకోవడం, పల్లీలు వేయించుకోవడం, కాఫీ గ్లాసులు కడిగి బోర్లించడం కూడా ఈ రాత్రే.

5. పొద్దున: ఆవడలు

చాలామంది పేరంటానికి వేడి గారెలు పెడదామనుకుంటారు, దయచేసి ఆ పని పెట్టుకోకండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ నాలుగు గారెలు వేస్తూ కూర్చుంటే సాయంత్రం అంతా మూకుడు దగ్గరే గడిచిపోతుంది, పట్టుచీర నూనె వాసన వస్తుంది, వచ్చినవాళ్ళతో ఒక్క మాట కూడా ఉండదు. అవే గారెలు పొద్దున్నే వేసి పెరుగులో పడేస్తే సాయంత్రానికి ఇంకా బాగుంటాయి.

పిండి చల్లటి నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బండి. నీళ్ళలో చిన్న ఉండ వేస్తే తేలాలి, మునిగితే ఇంకాసేపు చేత్తో గిలక్కొట్టండి. ఉప్పు ముందే వేయకండి, పిండి జారుతుంది, జారిన పిండి నూనె తాగుతుంది, వేసే ముందు కొంచెం కొంచెం పిండిలో కలుపుకోండి. వేగిన గారెని గోరువెచ్చటి నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, పోపు పెట్టిన పెరుగులో వేయండి. పెరుగు మజ్జిగ కంటే కొంచెం చిక్కగా ఉంటే చాలు. చిక్కటి పెరుగులో వేస్తే గారెలు మొత్తం పీల్చేసుకుని సాయంత్రానికి పొడిపొడిగా మిగులుతాయి, ఆ రిజర్వు అరలీటరు దీనికే, నాలుగింటికి పాలతో పలచన చేసి పైన పోయండి.

చెక్ చేయడం ఎలా అంటే, మూడింటికి ఒకటి మధ్యకి విరవండి, మధ్యలో పొడి పిండి చుక్క కనపడకూడదు. అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే. సాయంత్రం ఒకేసారి అన్నీ బయట పెట్టొద్దు, చిన్న గిన్నెలో 12-15 చొప్పున తీయండి, అది ఖాళీ అయ్యాక కొత్త గిన్నె. పాతదాంట్లోనే కొత్తది పోస్తే పులుపు అంతా అంటుకుంటుంది.

దద్దోజనం చేసేవాళ్ళకి కిటుకు: అన్నం మెత్తగా వండి, కాచి చల్లార్చిన పాలు ఒకటిన్నర లీటర్లు పోసి, పెరుగు రెండు గరిటెలు మాత్రమే వేయండి. సాయంత్రానికి తోడుకుని కమ్మగా ఉంటుంది. మొత్తం పెరుగే వేస్తే ఆరింటికే పుల్లటి వాసన.

6. మధ్యాహ్నం: పులిహోర, పొంగలి, గుగ్గిళ్ళు

సంక్రాంతికి కొత్త బియ్యం ఇంటికొస్తాయి, ఆ సంబరంలో పులిహోరకి కూడా అవే వండేస్తారు, ముద్దైపోతుంది. కొత్త బియ్యం పొంగలికి వాడండి, మెత్తగా ఉడికి భలే ఉంటుంది. పులిహోరకి పాత బియ్యమే. కిలోన్నర ఒకేసారి కుక్కర్‌లో కుక్కొద్దు, అడుగున ముద్ద, పైన పలుకు వస్తుంది, రెండు విడతలుగా వండండి, నీళ్ళు గ్లాసుకి రెండు కాకుండా కొంచెం తగ్గించి. మెతుకు వేళ్ళ మధ్య నొక్కితే రెండు ముక్కలవ్వాలి, పిండి అవ్వకూడదు.

వేడి అన్నం బేసిన్‌లో పరిచి, పైన పసుపు, రెండు గరిటెల నూనె, పచ్చి కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేసి పది నిమిషాలు కదపకండి. ఆ వేడికి కరివేపాకు వాసన నూనెలోకి దిగుతుంది, పులిహోర వాసన సగం అక్కడే వస్తుంది. పులుసు ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసి ముప్పావు భాగమే కలపండి, పోపు కూడా ఇప్పుడే. మిగిలింది పక్కన ఉంచండి, ఎందుకంటే గంట తర్వాత అన్నం పులుపుని, ఉప్పుని లాగేసుకుంటుంది, అప్పుడు చూసి కలపాలి. కలిపేటప్పుడు గరిటె తలకిందులుగా పట్టుకునో, చేత్తోనో కింది నుంచి పైకి తిప్పండి, నొక్కి కలపకండి. పల్లీలు మాత్రం చిట్టచివర, మూడున్నరకి. ముందే వేస్తే మెత్తబడి ఉడకబెట్టిన పల్లీల్లా అయిపోతాయి.

చక్రపొంగలికి బియ్యం, పెసరపప్పు పూర్తిగా మెత్తబడ్డాకే బెల్లం వేయాలి, బెల్లం పడ్డాక పలుకు ఇంక ఉడకదు. బెల్లం కరిగించి వడకట్టడం మర్చిపోవద్దు, ఇసుక ఉంటుంది. పొంగలి దించేటప్పుడు మీకు "అయ్యో పలచగా ఉందే" అనిపించాలి, గరిటె నుంచి జారాలి, చల్లారాక బిగుస్తుంది కాబట్టి. దించేటప్పుడే సరిగ్గా ఉంటే ఆరింటికి చాకుతో కోయాల్సి వస్తుంది. బిగుసుకుంటే చెంచాడు నెయ్యి, కొంచెం వేడిపాలు పోసి కలపండి, కానీ బెల్లం పొంగలి పొయ్యి మీద మరుగుతుండగా పాలు పోస్తే విరిగిపోవచ్చు, దించాకే పోయండి. పచ్చకర్పూరం గోరంత, అంతకంటే వద్దు, చేదెక్కుతుంది.

గుగ్గిళ్ళు ఉప్పేసి నాలుగు విజిల్స్, నీళ్ళు వంచి పోపు. వేళ్ళతో నొక్కితే మెదగాలి, పొట్టు ఊడకూడదు. పచ్చికొబ్బరి మొత్తానికి కలపకండి, అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే, వడ్డించే గిన్నెలో పైన చల్లుకోండి చాలు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఇవే ఎక్కువ తింటారు, అందుకే నేను వీటిని ఎప్పుడూ తక్కువ చేయను.

7. నైవేద్యం

నైవేద్యం పెట్టకుండా రుచి చూడం కదా, మరి ఉప్పు ఎలా తెలుస్తుంది అని అందరికీ ఇదే సందేహం. ప్రతి వంటలోంచి ముందుగా చిన్న గిన్నెలోకి తీసి నైవేద్యానికి మూత పెట్టేయండి. మూడింటికల్లా హారతి ఇచ్చేసి, ఆ తర్వాత మిగతాది రుచి చూసి సరిచేసుకోండి, గెస్ట్‌లు వచ్చేసరికి ఇంకా గంట ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఈ మెనూలో ఎక్కడా లేవు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

8. టేబుల్ సర్దడం

టేబుల్ గోడకి ఆనించకండి, రెండు వైపుల నుంచి పెట్టుకునేలా మధ్యకి లాగండి. నీళ్ళు, కాఫీ వేరే మూల. రెండూ ఒకేచోట ఉంటే అక్కడే జనం ఆగిపోతారు. ప్రతి గిన్నెకి దాని గరిటె దానికే. పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలు ఈ మధ్య ఎక్కువయ్యారు, వేటిలో ఉన్నాయో చిన్న చీటీ రాసి పెట్టండి. చెత్తబుట్ట కనపడేలా పెట్టండి, దాచిపెడితే ఖాళీ ప్లేట్లన్నీ కొలువు పక్కన సోఫా కింద దొరుకుతాయి.

పులిహోర, పొంగలి సగం హాట్‌ప్యాక్‌లో ఉంచి సగమే టేబుల్ మీద పెట్టండి. పొంగలి, దద్దోజనం లాంటివి బయట రెండు గంటలు దాటకుండా చూసుకోండి. పులిహోర పులుపు వల్ల కొంచెం ఎక్కువ ఆగుతుంది, అయినా రెండో విడత హాట్‌ప్యాక్‌లోంచే తీయడం మంచిది.

కాఫీకి డికాక్షన్ ఒక ఫ్లాస్కులో, వేడిపాలు ఇంకో ఫ్లాస్కులో. ముందు ఫ్లాస్కులో మరుగునీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. రెండూ ముందే కలిపి పోస్తే గంటకల్లా వాసన మారిపోతుంది.

9. భోగిపళ్ళు ఉంటే

రేగుపళ్ళు, చిల్లర, చామంతి రేకులు, చిన్న చెరుకు ముక్కలు, నానిన సెనగలు. చిల్లర ముందు రోజే సబ్బుతో కడిగి ఆరబెట్టండి. పిల్లాడి తల మీద ఎత్తు నుంచి విసరొద్దు, దోసిట్లో తీసుకుని తల చుట్టూ తిప్పి మెల్లగా జారవిడవాలి. అయిపోయిన వెంటనే దుప్పటి నాలుగు మూలలూ పట్టి ఎత్తేయండి, రేగుపళ్ళు, చిల్లర పాకే పిల్లల నోట్లోకి వెళ్ళాయంటే ప్రమాదం. ఈ అరగంట టేబుల్ దగ్గర ఎవరూ ఉండరు, గిన్నెలు నింపుకోవడానికి మీ తోడుగా ఉన్నవాళ్ళకి అదే టైం.

అమెరికాలో, మిగతా దేశాల్లో ఉన్నవాళ్ళకి రేగుపళ్ళు దొరక్కపోతే క్రాన్‌బెర్రీలతో కానిచ్చేస్తున్నారు, బానే ఉంటుంది. అక్కడ పండగ వారం మధ్యలో వస్తే శనివారం పెట్టుకోండి. స్మోక్ అలారం గురించి మాత్రం జాగ్రత్త, గారెలు, పోపులు అన్నీ పొద్దున్నే చిమ్నీ వేసి, కిటికీ తీసి ముగించేయండి, హారతి అలారం కింద ఇవ్వకండి. కోట్లు, బూట్లకి ఒక బెడ్‌రూమ్ వదిలేయండి.

10. సాయంత్రం ఎలా నడుస్తోందో చూసుకోవడం

ఆరింటికి ఒకసారి వంటింట్లోకి వెళ్ళి చూడండి. ఏదైనా గిన్నె సగం కంటే తక్కువుంటే, ఇంకా సగం మంది రావాల్సి ఉంటే, దాని గరిటె తీసి చిన్న గరిటె వేయండి, ఎవరికీ తెలీదు, రాత్రి దాకా వస్తుంది. కంగారుపడి మళ్ళీ అన్నం ఎక్కించకండి. జంతికలు, అరిసెలు ఉన్నాయి కదా, అవి ముందుకి జరపండి.

వచ్చినవాళ్ళని "తినండి తినండి" అని నిలబెట్టి వడ్డించడం కంటే కొలువు చూపించి, కూర్చోబెట్టి, ప్లేటు చేతికివ్వండి. ఎవరైనా తక్కువ పెట్టుకుంటే బలవంతం వద్దు, వాళ్ళు ఆ రోజే ఇంకో రెండు పేరంటాలకి వెళ్ళాల్సి ఉండొచ్చు. అలాంటివాళ్ళకి డబ్బాలో కట్టివ్వండి, ఇంటికెళ్ళి తింటారు. వాచ్‌మన్ వాళ్ళింటికి, మీకు పనిలో సాయం చేసే ఆవిడకి ప్లేట్లు నాలుగింటికే పంపేయండి, రాత్రి మిగిలాక ఇచ్చేది కాదు అది.

తాంబూలాలు ఒకే పళ్ళెంలో సర్ది గుమ్మం దగ్గర బల్ల మీద ఉంచుకోండి. రెండు ఆకులు, వక్క, పండు, సెనగల పొట్లం, రవికె గుడ్డ. బొట్టు పెట్టి ఇవ్వండి. ఇది మాత్రం ఇంకొకరికి అప్పజెప్పకండి, మీ చేతులతో మీరే ఇవ్వాలి.

11. మిగిలితే

పెరుగువి ఏవైనా గంటకి మించి బయట ఉంటే దాచొద్దు, ఫ్రిజ్‌లోంచి తీయని ఆవడలు మర్నాడు పొద్దున దాకా తినొచ్చు. టేబుల్ మీద చివరిదాకా ఉన్న పొంగలి పారేయండి, హాట్‌ప్యాక్‌లోది ఎనిమిదిన్నరకి కూడా పొగలొచ్చేంత వేడిగా ఉంటేనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు బాగా వేడిచేసి తినండి, చల్లారిపోయి ఉంటే అదీ పారేయండి. గుగ్గిళ్ళు మిగిలితే కొబ్బరి వేయనివైతే మర్నాడు కూరలో పడతాయి. పిండివంటలకి దిగుల్లేదు. పడుకునే ముందు ఒక కాగితం మీద ఎంతమంది వచ్చారు, ఏది ముందు అయిపోయింది, ఏది మిగిలింది రాసి బొమ్మల పెట్టెలో పడేయండి, వచ్చే ఏడాది కొలువు తీసేటప్పుడు ఆ కాగితమే ముందు చేతికొస్తుంది.